సరుగుడు తోట ఈశాన్య మూల

సరుగుడు తోటలో మధ్యాహ్నం పూట కళ్ళు మూసుకుని నిలబడితే సముద్రం ఎటు ఉందో చెప్పడం కష్టం. చెట్లలో దూరిన గాలి, ఒడ్డున విరిగే అల రెండూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను అలా నిలబడి, సముద్రం పడమటి వైపు ఉందని గట్టిగా చెప్పాను. నా వెంట వచ్చిన అటెండర్ నవ్వు ఆపుకోలేక తువాలు నోట్లో కుక్కుకున్నాడు. మనుబోలు దగ్గర హైవే పక్కన పుట్టి పెరిగినదాన్ని. నాకు లారీల మోత తెలుసు, అలల మోత తెలియదు.

పశువుల డాక్టరుగా చేరాను, తరువాత రోగాలు పరీక్షించే ల్యాబుకు బదిలీ అయి అక్కడే రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. టీ తాగుతూ, "మేడం, మీరు చూసిన పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. నేను ఏదో ఒక మహమ్మారిని తరిమికొట్టిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం ఎప్పుడూ ఒక గొయ్యి గుర్తుకొస్తుంది. ఈ వయసులో జ్ఞాపకాలు మధ్యాహ్నపు కునుకులో కలల్లా కలిసిపోతున్నాయి. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆ గొయ్యి మాత్రం ఎక్కడికీ కదలదు.

ఆ మొదటి ఏడాది వేసవిలో, అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊళ్ళో ఒకే రోజు మూడు బర్రెలు చచ్చిపోయాయి. పొద్దున పాలిచ్చిన బర్రె మధ్యాహ్నానికి కాళ్ళు చాపేసింది. ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారుతోంది, ఎంతసేపటికీ గడ్డ కట్టడం లేదు. ఊళ్ళో దీన్ని దొమ్మ అంటారు. మా కాగితాల్లో ఆంత్రాక్స్ అని రాస్తాం. దీంతో చచ్చిన పశువును కోయకూడదు. కోస్తే లోపలి క్రిమికి గాలి తగులుతుంది. అప్పుడది చుట్టూ గట్టి పెంకు కట్టుకుని మట్టిలో పడి నిద్రపోతుంది. ఏదో ఒక పశువు మేస్తూ మింగేదాకా, ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది.

నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. చెవి కొస నుంచి చుక్క నెత్తురు తీసుకున్నాను. కత్తి తాకనివ్వలేదు. లోతుగా గొయ్యి తవ్వించి, బర్రెలను దింపించి, నెత్తురు పడిన ఇసుకనంతా గీకించి అందులోనే వేయించాను. సున్నం పోయించాను. పూడ్చాక మీద ముళ్ళకంప పరిపించాను. పాతికేళ్ళ ఆడపిల్ల చెప్పినట్టు ఊరి మగవాళ్ళంతా పలుగూ పారా పట్టుకుని పని చేస్తుంటే లోలోపల ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అటెండర్ నాకన్నా పదేళ్ళు పెద్ద. అల్లూరువాడు. ఆదివారం చర్చిలో అందరికన్నా ముందు పాట ఎత్తుకునేది ఆయనే. గొయ్యి పూడ్చాక ఆయన తువాలు భుజం మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, దీన్ని ఈడనే ఉండనీ. ఆమెన్," అన్నాడు. కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు. "అమ్మా, దీని మీద ఒక బండ పడాల. ఈ ఇసకలో రాయనేది దొరకదు. రేపు పొద్దున అల్లూరు నుంచి ఎద్దుల బండిలో తెప్పిస్తా. ఈ పూటకి ఈడనే ఉండండి. ఈ ఊళ్ళోనే మా చెల్లెలిల్లు, ఆడ పడుకోవచ్చు."

"రాయి ఎందుకన్నా? రిజిస్టరులో కొలత రాస్తున్నాను కదా."

"దేన్నించి కొలస్తారు?"

నేను తోట వైపు చెయ్యి చూపించాను. చీకటి గుయ్యారంలా, ఆకాశమంత ఎత్తున, కదులుతూ ఉంది. రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాశాను: సరుగుడు తోట ఈశాన్య మూల నుంచి తూర్పుగా ఇరవై అడుగులు.

ఆయన తోటను చూశాడు, నన్ను చూశాడు. "సరుగుడును నమ్ముకుంటే ఎట్టమ్మా?" అన్నాడు.

"అంత అడవి ఎక్కడికి పోతుందన్నా?" అన్నాను. రోడ్డు మీద సాయంత్రం బస్సు హారన్ వినపడింది. పరుగెత్తాను.

సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు ఈపాటికి నవ్వు వచ్చి ఉంటుంది. సరుగుడు అక్కడ ఒక పంట. నాలుగైదేళ్ళు పెంచి, మొదలంటా నరికి, పందిళ్ళకూ కట్టుబడి పనులకూ తోలేస్తారు. నేను చేసింది, పొలం హద్దుకు వరి దుబ్బును ఆనవాలుగా రాసుకున్నట్టు ఉంది. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేసరికి ఆ రిజిస్టరు గుర్తు రాలేదు.

ఆ నెత్తురు చుక్క నుంచి ల్యాబులో పెంచిన క్రిమిని నూలు దారానికి పట్టించి ఆరబెట్టి, సన్నటి గాజు గొట్టంలో పెట్టి, గొట్టం మూతిని మంటలో కరిగించి మూసేశారు. కొన్నేళ్ళకు నేనూ, ఆ అటెండరూ అదే ల్యాబుకు బదిలీ అయ్యాం. తాళం వేసిన అలమరలో ఆ గొట్టం మా కోసం కాచుకుని కూర్చున్నట్టు ఉంది. ఆయన దానికి కొత్త చీటీ అంటించి, గుండ్రటి అక్షరాలతో ఊరి పేరు రాశాడు. అలమర సర్దిన ప్రతిసారీ, "ఈ పాతవన్నీ కాల్చి పారేద్దామా?" అని నేను అనేదాన్ని. "ఉండనీండమ్మా, మన ఊరిది," అనేవాడు. ఆయన రిటైరయ్యాక నేనూ దాన్ని కాల్చలేకపోయాను.

ముప్పై ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పడం నా వల్ల కాదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, కళ్ళజోడు వచ్చింది, మైక్రోస్కోపు కన్నంలో పెట్టే కన్ను ఎడమ నుంచి కుడికి మారింది. నేను నిద్రలేచిన ప్రతి ఉదయమూ ఆ ఊరి ఇసుకలో అది నిద్రపోతూనే ఉంది.

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు మళ్ళీ ఆ ఊరి నుంచే కబురు వచ్చింది. వరి కోతలయ్యాక పడమటి మెట్ట నుంచి గొర్రెల మందలు సముద్రం వైపు దిగడం మా జిల్లాలో ఎప్పటినుంచో ఉన్నదే. పగలు కోతల్లో మిగిలిన వరి కొయ్యకాళ్ళలో మేపి, రాత్రికి రైతు పొలంలో మంద కడతారు. పొలానికి ఎరువు, మందకు మేత. ఆ ఏడు మనుబోలు వైపు నుంచి వచ్చిన ఒక కాపరి గొర్రెలు ఉన్నట్టుండి రాలిపోయాయి. వారం తిరక్కుండా ఊళ్ళో బర్రెలు పోయాయి. మైక్రోస్కోపులో చూస్తే వెదురు కణుపుల్లా అవే క్రిములు. మిగిలిన పశువులన్నిటికీ, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా టీకాలు వేయించాం. చావులు ఆగాయి.

అప్పుడు నేను రిపోర్టు రాశాను. అందులో ఒక వాక్యం: వలస మంద ద్వారా వ్యాధి ప్రవేశించి ఉండవచ్చు. ముందు చచ్చింది గొర్రెలు కాబట్టి అలా రాశాను. ఇంకేమీ ఆలోచించలేదు. ఆ వాక్యం ఊళ్ళోకి వెళ్ళేసరికి దాని తోక ఊడిపోయింది. వలస మంద ద్వారా వచ్చింది అని డాక్టరమ్మే రాసిందన్నారు.

నెల తరువాత ఒక పొద్దున ఆ కాపరి ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. మాటల్లో నా ఊరు తెలుసుకుని మేడం నుంచి అక్కలోకి దిగాడు.

"మా తాత కాలం నుంచి దిగతా ఉండాం అక్కా. ఎండాకాలం గడవాలంటే మాకు ఈ వరి కయ్యలే దిక్కు. ఇప్పుడు ఏ ఊరి పొలిమేరలోనూ కాలు పెట్టనీడం లా. మందను హైవే పక్కన మేపుకుంటా ఉండా. రోజుకొకటి లారీ కింద పడతా ఉంది. ఈ పేరు మీదుంటే మా పక్క వోళ్ళెవురినీ ఇంక దిగనీరంట. నా మూలాన అందురికీ మేత పోయె."

నేను కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

"తెచ్చింది నేనే అయితే చెప్పక్కా. ఉన్నయ్యి అమ్మేసి కూలికి పోతా. కాకపోతే అదీ చెప్పు. మీ కాడ మిషన్లు ఉండాయి గదా."

మాకున్న మిషన్లు అంత మాట చెప్పలేవు. మహానగరంలో ఒక పెద్ద ల్యాబులో నా దగ్గర ఒకప్పుడు పని నేర్చుకున్న అమ్మాయి సైంటిస్టుగా ఉంది. చచ్చిన గొర్రెల నుంచి తీసిన క్రిమినీ, పడమటి మండలాల నుంచి ఎప్పుడెప్పుడో మా ల్యాబుకు వచ్చిన క్రిములనూ జాగ్రత్తగా కట్టి, అనుమతులన్నీ తీసుకుని ఆమెకు పంపాను.

ఆమె చేసే పని వంశవృక్షం గీయడం. క్రిమి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. రెండయిన ప్రతిసారీ తన జన్యువుల గ్రంథాన్ని అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు పిల్లలకూ, వాటి పిల్లలకూ సంక్రమిస్తుంది. ఏ తప్పు ఏయే క్రిముల్లో ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే ఏవి తోబుట్టువులో, ఏవి దూరపు చుట్టాలో తేలుతుంది. చుట్టరికాన్ని పట్టిచ్చేది తప్పులే అన్న సంగతి నాకు మొదటిసారి విన్నప్పుడు ఎందుకో నవ్వొచ్చింది.

మొదటి బొమ్మలో పడమటి క్రిములన్నీ ఒక కొమ్మ మీద ఉన్నాయి. చచ్చిన గొర్రెల క్రిమి ఒంటరిగా ఇంకో కొమ్మ మీద ఉంది. కాపరి తన ఊరి నుంచి తేలేదని అర్థం. దారిలో ఎక్కడో అంటించుకొచ్చాడని ఊరు అనగలదు. "సముద్రం పక్క ఊళ్ళ నుంచి పాతది ఏదైనా ఉందా మేడం?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను అలమర తెరిచాను. గుండ్రటి అక్షరాలు నా వైపు చూశాయి.

గొట్టం పంపిన కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. గొంతులో మొహమాటం.

"మేడం, ఏమీ అనుకోకండి. పొరపాటున ఒకే నమూనాను రెండుసార్లు పంపారా?"

"లేదమ్మా. వాటి మధ్య ముప్పై ఏళ్ళున్నాయి."

"ఒక్క అక్షరం తేడా లేదు. ఇన్నేళ్ళూ పశువు నుంచి పశువుకు తిరిగి ఉంటే ఎన్నో కొన్ని తప్పులు పడేవి. ఇది ఎక్కడికీ తిరగలేదు మేడం. కదలకుండా ఒకచోట పడి నిద్రపోయింది. ఎవరో లేపారు."

ఫోన్ పెట్టేశాను. మూసిన గదిలో నాకు గాలి వినపడింది, సరుగుడు గాలి. ఆ మధ్యాహ్నం నేను మొదట చేరిన పశువుల హాస్పిటల్‌కు వెళ్ళి, బీరువా అడుగు నుంచి చెదలు తిన్న రిజిస్టరు తీయించాను. నా పాతికేళ్ళ చేతిరాత ఎంతో నిటారుగా, ఎంతో నమ్మకంగా ఉంది. ఆ పిల్లను చెంప మీద ఒకటి కొట్టాలనిపించింది. వెంటనే జాలి కూడా వేసింది.

మర్నాడు అల్లూరు వెళ్ళాను. అటెండర్‌కు అప్పటికి కంటిచూపు సగం పోయింది. చర్చి పక్కన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"ఆ పొద్దే చెప్పినా గదమ్మా," అన్నాడు. పక్కనున్న కర్ర కోసం తడుముతూ మళ్ళీ అన్నాడు. "మర్నాడు నేనన్నా రాయి తోలించి ఉండచ్చు. తోలించలా. డాక్టరమ్మ రాసింది గదా, మనకేలే అనుకున్నా. పదండి, నేనూ వస్తా."

ఆటోలో ఊరు చేరాం. తోట లేదు. ఎటు చూసినా రొయ్యల గుంటలు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే రెక్కలు, ఎండలో తెల్లటి మెరుపు. చెట్లు పోయాక సముద్రం ఒక్కటే వినిపిస్తోంది, తూర్పునే ఉంది. అటెండర్ ముందు తన చెల్లెలి ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. అక్కడినుంచి, కాళ్ళకు గుర్తున్న దారిన, చేతికర్రతో తడుముకుంటూ, ఏదో పాట సన్నగా పాడుకుంటూ నడిచాడు. ఒక కొత్త గుంట కట్ట మీద ఆగి, కర్ర నేలకు ఆనించాడు.

"ఈడ."

గొర్రెలు మేసింది ఆ కట్ట మీదే. గుంట తవ్విన మట్టి తీసి కట్ట పోశారు. దాని మీద మొలిచిన తొలి గడ్డి అదే.

ఆ గుంట ఊరి పెద్ద తవ్వించుకున్నది. ఆయన బర్రెలు కూడా చచ్చిపోయాయి. మోటారు షెడ్డు నీడలో ఊరి మనుషులు కూడారు. కాపరిని నేనే పిలిపించాను. అందరికీ ఎడంగా ఎండలో నిలబడ్డాడు. ఎవరూ నీడలోకి రమ్మనలేదు. నేను రెండు క్రిముల సంగతి చెప్పాను, అచ్చు ఒకే కాన్పు పిల్లల్లా ఉన్నాయన్నాను.

ఊరి పెద్ద నవ్వాడు. "కంటికి కనపడని పురుగుకు కులగోత్రాలు చెప్తా ఉండారే మేడం. సరే, ఇది మా ఊరిదే అనుకుందాం. మరి ముందు గొర్రెలెట్టా సచ్చినాయి?"

"బర్రె నాలుకతో చుట్టి పైపైన మేస్తుంది. గొర్రె మట్టి తగిలేదాకా కొరుకుతుంది. మట్టిలో ఉన్నది ముందు గొర్రెకే దొరికింది."

ఆయన నవ్వు ఆగింది. కట్ట వైపు చూశాడు. "అంటే నేను గుంట తవ్వించి లేపినానా దాన్ని?"

పిల్లలూ, ఆ క్షణం గురించి మీకు దాచకుండా చెప్పాలి. అవునంటే సరిపోయేది. అబద్ధమూ కాదు. కాపరి బయటపడతాడు, నేనూ బయటపడతాను, నింద ఇంకో తల మీదికి వెళుతుంది. నా నోరు అవుననడానికి తెరుచుకుంది కూడా. అటెండర్ కర్ర చివరతో నా కాలి దగ్గర ఇసుకను గీస్తున్నాడు. ఆయన నా వైపు చూడలేదు, చూసినా సరిగా కనపడదు.

"కింద గొయ్యి ఉందని మీకు తెలిసే దారి లేదు," అన్నాను. "తెలిసేట్టు చేయాల్సింది నేను." రిజిస్టరు తెరిచి నా వాక్యం చదివాను.

సరుగుడు తోట అనేసరికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు.

"ఎన్నో కోత సరుగుడమ్మా అది?" అని ఒక గొంతు అడిగింది.

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. రిజిస్టరు మూయకుండా, మొదటి రిపోర్టులో వలస మంద గురించి నేను రాసింది తప్పని కాగితం మీద అక్కడే రాసి, సంతకం పెట్టి, అందరికీ వినపడేట్టు చదివాను. నవ్వు ఆగింది. ఊరి పెద్ద కాపరి వైపు తిరిగి, "ఎండలో ఏందబ్బా, ఇట్టా నీడకు రా," అన్నాడు. "రేప్పొద్దున మందను తోలకరా. నా కయ్యలోనే కట్టుకో."

కాపరి నీడలోకి వచ్చాడు. నాకు దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. "గొయ్యి యాడక్కా?" అని అడిగాడు. చూపించాను.

"మంద సచ్చిపోయిన తావున మా వోళ్ళు రాయేస్తారు. ఆ దోవన పోయే పెతి కాపరీ ఇంకోటి ఏస్తాడు. సదువు రానోడిక్కూడా తెలుస్తుంది."

"ఈడ రాళ్ళు లేవబ్బయా," అన్నాడు అటెండర్.

"మోసకొస్తాం."

ఆ కట్ట భాగాన్ని మందుతో తడిపించి, సున్నం పరిచి, మీద సిమెంటు పలక పోయించి, చుట్టూ కంచె వేయించాం. పై ఆఫీసుకు సంజాయిషీ రాసుకున్నాను, ఒక మందలింపు కాగితం అందుకున్నాను. మరుసటి ఏడు అటెండర్ పోయాడు. చర్చిలో ఆయన పాటలు ఆయన లేకుండా పాడారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాను.

మొన్న వరి కోతలయ్యాక నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ముందు మా ఊరికి పోయి, మా పాత చేని గట్టు నుంచి ఒక రాయి ఎత్తుకుని సంచిలో వేసుకున్నాను. బస్సులో కండక్టర్ సంచిని కాలితో జరపబోయి, "ఏందమ్మా ఇంత బరువు?" అన్నాడు. "రాయి," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి టికెట్ చింపాడు.

కంచె లోపల మోకాలెత్తు గుట్ట ఉంది. ఎర్ర రాళ్ళు, బూడిద రంగు రాళ్ళు, మెట్ట నేల రాళ్ళు. ఇసుక, నీళ్ళు తప్ప మరేమీ లేని ఆ చోట అవి ఎక్కడో కలలోంచి రాలిపడినట్టున్నాయి. కాపరి దూరంగా మందను వదిలి వచ్చాడు. నా చేతిలో రాయి తీసుకుని, తిప్పి చూసి, "మన పక్కదే," అన్నాడు.

దాన్ని గుట్ట మీద పెట్టడానికి వంగాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"పైన గాదక్కా. నీది అడుగున ఉండాల్సిన రాయి."

ఇద్దరం కూర్చుని గుట్టను ఒక్కొక్క రాయిగా పక్కకు తీశాం. తొందరేమీ లేదన్నట్టు తీశాడు. సిమెంటు పలక కనిపించాక నా రాయి దాని మీద పెట్టాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి పేర్చడం మొదలుపెట్టాడు, నేను అందిస్తున్నాను. సగం గుట్ట లేచేసరికి రోడ్డు మీద సాయంత్రం బస్సు హారన్ కొట్టింది.

"పోవాలా అక్కా?" అన్నాడు.

"లేదబ్బా. ఈ రాత్రికి అటెండర్ చెల్లెలింట్లో ఉంటా," అని, ఇంకో రాయి అందించాను.